కరగని పూసలు

"జీపు వచ్చేదాకా మీకు టైముంది. వచ్చాక ఆవిడ నాతో స్టేషన్‌కి వస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేవకుండానే.

డిటెక్టివ్ తడి గొడుగును గడప బయటే వదిలి లోపలికి వచ్చాడు. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో తోటివాళ్ళు ఆయనకు నిదానం అని పేరు పెట్టారు. ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నా ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆయనకు సెల్యూట్ కొట్టినవాడే. ఇప్పుడు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"జీపు ఎక్కడుంది?"

"హాస్పిటల్ దగ్గర. అక్కడ కాపలా ఉన్న లేడీ కానిస్టేబుల్‌ని ఎక్కించుకుని రావాలి. మీ సంగతి నాకు తెలుసుగా సార్. మీరు నమస్కారం పెట్టి మొదలుపెట్టేలోపే హారన్ వినబడుతుంది."

"అయితే నమస్కారం తర్వాత పెడతాలే. ముందు కేసు చెప్పు."

అడిగించుకోవడం ఇన్‌స్పెక్టర్‌కి ఇష్టం. హుషారుగా మొదలుపెట్టాడు.

కింద బేకరీ, పైన ఇల్లు. యజమాని పెద్దాయన గుండెజబ్బు మనిషి. నిన్న తెల్లవారాక ఓవెన్ గదిలో బ్రెడ్ ట్రేలు లాగుతూ కుప్పకూలిపోయాడు. హాస్పిటల్‌కి చేర్చేసరికి నాడి వేలికి అందడం లేదు. ఇంకా స్పృహ రాలేదు. రక్తపరీక్షలో రెండు మందులు బయటపడ్డాయి. ఒకటి గుండె కోసం ఆయన రోజూ వేసుకునేదే. రెండోది ఆ జాతిదే కానీ ఆయనది కాదు. అది ఈ ఇంట్లో ఒక్కరి దగ్గరే ఉంది. చనిపోయిన కొడుకు భార్య దగ్గర. మైగ్రేన్ తలనొప్పి రాకుండా ఆమెకు డాక్టర్ రాసిచ్చిన క్యాప్సూల్ అది.

"రెండూ బీటా బ్లాకర్లే సార్. గుండె పరుగుకి కళ్ళెం వేసే మందులు. ఒకదాని మీద ఒకటి పడితే గుండె చతికిలబడుతుంది."

"ఎప్పుడు పెట్టిందంటావు?"

"మొన్న రాత్రి భోజనంలో. అది మెల్లమెల్లగా విడుదలయ్యే మందు. రాత్రి కడుపులో పడితే తెల్లారేసరికి పని పూర్తి చేస్తుంది. రాత్రి ఇంట్లో ఉన్నది మామా కోడలే. కూతురు పక్క వీధిలో తన ఇంట్లో ఉంది. అల్లుడు వేరే ఊళ్ళో క్యాంపులో ఉండి, నిన్న మధ్యాహ్నం బస్సుకి దిగాడు. ఇక తెల్లవారుజామునే ఈవిడ తలనొప్పని చెప్పి డాక్టరమ్మ క్లినిక్‌కి పోయి పడుకుంది. తెలివి చూశారా? మందు లోపల పని చేసుకుంటూ ఉంటే, తను బయట సాక్ష్యం సంపాదించుకుంది."

"కారణం?"

"బేకరీ కోడలికే చెందాలని పెద్దాయన ఎప్పుడో వీలునామా రాశాడు. ఇప్పుడు మనసు మార్చుకుని తిరగరాద్దామనుకుంటున్నాడట. ఈవిడ తొందరపడింది."

"మనసు మార్చుకున్నాడని ఎవరు చెప్పారు?"

"అల్లుడుగారు."

"మెల్లగా విడుదలయ్యే మందని?"

"ఆయనే. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ కదా, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు."

నిదానం తల ఊపాడు. ఆయన్ని ఈ కేసులోకి పిలిచింది ఆ అల్లుడి భార్యే. నిన్న సాయంత్రం హాస్పిటల్ వరండాలో ఆయన రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు ఆ అమ్మాయి. "నాన్న సంగతి డాక్టర్లు చూసుకుంటారండీ. వదిన సంగతి మీరు చూడండి. అన్నయ్య పోయాక కూడా ఆ ఇంట్లో దీపం పెట్టిన మనిషి. తను చెయ్యదు," అంది.

బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్న సన్నటి మనిషి లోపలికి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని చిరునవ్వు.

"మా ఆవిడ మీకు శ్రమ ఇచ్చినట్టుంది. వదినంటే ప్రాణం తనకి. ఏం చెప్పినా వినదు," అన్నాడు అల్లుడు.

"శ్రమేముంది బాబూ. మీరు ఇక్కడే ఉంటారుగా? తర్వాత మీతో కూడా నాలుగు మాటలు మాట్లాడాలి."

"తప్పకుండా అంకుల్."

పడకగది తలుపు దగ్గర ఒక కానిస్టేబుల్ కాపలా నిలబడి ఉన్నాడు. బూట్లు విప్పి గోడ పక్కన పెట్టి, ఉత్త సాక్సులతో. నిదానం ఆ బూట్ల వంక, అతని వంక చూశాడు.

"చప్పుడైతే లోపల ఆవిడ మూలుగుతోంది సార్," అన్నాడు కానిస్టేబుల్ సిగ్గుపడుతూ.

లోపల చీకటిగా ఉంది. ఇన్‌స్పెక్టర్ స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. నిదానం ఆ చేతిని మెల్లగా పట్టి దించాడు. మంచం మీద నుదుటికి తడిగుడ్డ కట్టుకుని కోడలు పడుకుని ఉంది. మంచం అంచున కూర్చుని ఆమె మణికట్టు పట్టుకుని ఉన్నావిడ డాక్టరమ్మ. ఈ ఇంటికి గుండెమందు రాసిందీ, తలనొప్పి మందు రాసిందీ ఆవిడే.

కోడలు తల ఎత్తాల్సిన పని లేకుండా నిదానం నేల మీదే చతికిలబడ్డాడు.

"అమ్మా, మాట్లాడితే నొప్పి ఎక్కువవుతుందా?"

"మాట్లాడితే కాదండీ. వింటే. ఆయన గొంతు," అంది కళ్ళు తెరవకుండానే, ఇన్‌స్పెక్టర్ ఉన్న వైపు వేలు చూపించి.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

"ఈ తలనొప్పి పాతదేనా?"

"పెళ్ళికాక ముందునుంచీ ఉందండీ. వస్తే రెండ్రోజులు మనిషిని కాను. డాక్టరమ్మ ఈ క్యాప్సూల్ మొదలుపెట్టాక నెలల తరబడి దాని జాడే లేదు. నాకు కొత్త తల పెట్టినట్టయింది. మళ్ళీ ఈ మధ్యనే... ఈ వారంలోనే మూడోసారి."

"మందు మానేశారా?"

"అమ్మో, మానడమే! ఉన్నట్టుండి మానితే గుండె ఎదురు తిరుగుతుందని డాక్టరమ్మ భయపెట్టింది. రోజూ అన్నం కంటే ముందు అదే మింగుతాను."

"భయపెట్టాను, నిజమే. మైగ్రేన్ ఆగడానికి ఆ మందుకి వారాలు పడుతుంది. అన్నాళ్ళు కూడబెట్టింది ఒక్కసారి మానేసి పాడు చేసుకోవడం దేనికి?" అంది డాక్టరమ్మ. తర్వాత తన చేతిలోని మణికట్టు వంక చూసుకుని కనుబొమలు ముడిచింది. "కానీ ఈ నాడేంటి, ఇలా పరుగెడుతోంది?"

"భయం డాక్టరుగారూ. తప్పు చేసిన గుండె అలాగే కొట్టుకుంటుంది. నా సర్వీసులో ఎన్ని చూశానో," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి.

నిదానం నేల మీంచే అడిగాడు. "డాక్టరుగారూ, మీరు రాసిన మందు ఒంట్లో ఉంటే, ఎంత భయం వేసినా గుండె ఇలా కొట్టుకోగలదా?"

డాక్టరమ్మ మళ్ళీ వేళ్ళు సర్దుకుని నాడి పట్టి చూసింది. అప్పుడు మెల్లగా లేచి నిలబడింది.

"కొట్టుకోలేదు. పులి ఎదురొచ్చినా ఆ గుండె నడుస్తుంది గానీ పరుగెత్తదు. దాని పనే అది. ఈ అమ్మాయి ఒంట్లో మందు లేదు."

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టబోయి, కానిస్టేబుల్ ముఖం చూసి ఆగాడు.

"లేదు కదా! ఎందుకు లేదు? తను మింగకుండా దాచింది కాబట్టి. దాచిందంతా మామగారికి పెట్టింది కాబట్టి. నిదానం సార్, మీరొచ్చి నా కేసుకి గట్టి పునాది వేశారు. థాంక్స్."

"నేను దాచలేదండీ," అంది మంచం మీంచి కోడలు. అంతకంటే ఎక్కువ చెప్పడానికి ఓపిక లేదు ఆమెకు. జీపు వచ్చేస్తుంది. తలుపులు మూసిన చీకటి కూడా దొరకని చోటికి తనని తీసుకుపోతారని ఆమెకు తెలుసు.

"మందు డబ్బా ఎక్కడుంది?" అన్నాడు నిదానం లేస్తూ.

"సాక్ష్యం. కవర్లో పెట్టి సీలు వేశాను."

"లోపల ఏముందో చూసి వేశావా, మూత చూసి వేశావా?"

"క్యాప్సూల్స్ లెక్కపెట్టాను. సరిపోయాయి."

"నేను లెక్క అడగలేదు."

భోజనాల బల్ల దగ్గర ఇద్దరికీ పెద్ద వాదనే అయింది. సీలు తీస్తే కోర్టులో ఏం చెప్పాలని ఇన్‌స్పెక్టర్. తియ్యకపోతే కోర్టులో డాక్టరమ్మ ఏం చెబుతుందో విను అని నిదానం. "నేను చెప్పేది కోర్టు దాకా ఎందుకు, మీ పై ఆఫీసరు బీపీ చూపించుకోవడానికి నా దగ్గరికే వస్తాడు," అంది డాక్టరమ్మ బ్యాగు తెరుస్తూ. అందరి ముందూ, కానిస్టేబుల్‌ని సాక్షిగా పెట్టి, ఇన్‌స్పెక్టర్ సీలు తీశాడు.

డాక్టరమ్మ రెండు గ్లాసుల్లో గోరువెచ్చటి నీళ్ళు పోయించింది. తన బ్యాగులోంచి అదే మందు కొత్త క్యాప్సూల్ తీసి విప్పి, ఒక గ్లాసులో ఒంపింది. ఆవగింజల కంటే చిన్న తెల్ల పూసలు జలజలా రాలాయి. డబ్బాలోని క్యాప్సూల్ విప్పి రెండో గ్లాసులో ఒంపింది. అవే తెల్ల పూసలు. ఇన్‌స్పెక్టర్ రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూసి భుజాలు ఎగరేశాడు.

"కవల పిల్లల్లా ఉన్నాయి."

"చెంచా పెట్టి తిప్పు. తొందరపడకు."

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా తిప్పాడు. మొదటి గ్లాసులో పూసలు గిరగిరా తిరిగి, మళ్ళీ అడుగున చేరి అలాగే కూర్చున్నాయి. రెండో గ్లాసులో పూసలు సన్నబడ్డాయి. ఇంకా సన్నబడ్డాయి. చూస్తుండగానే మాయమైపోయాయి.

"రుచి చూడు," అన్నాడు నిదానం. "నిన్నేమీ చెయ్యవు."

ఇన్‌స్పెక్టర్ చెంచా చివర నాలుకకు తగిలించుకున్నాడు. ముఖం మారిపోయింది. "తియ్యగా ఉంది!"

"కేకుల మీద అలంకరణకి చల్లే చక్కెర పూసలు. కింద బేకరీలో సీసాల నిండా ఉంటాయి. అసలు మందు పూసకి పైన పూత ఉంటుంది. అది కరగనివ్వదు. రోజంతా లోపలి మందుని కొంచెం కొంచెంగా బయటికి వదులుతుంది. పాపం, ఆ అమ్మాయి ఇన్నాళ్ళూ చక్కెర మింగి తలనొప్పి ఎందుకొస్తోందా అని ఏడ్చింది."

ఇన్‌స్పెక్టర్ అంత తేలిగ్గా పడిపోయే రకం కాదు. నీళ్ళు తాగి నోరు శుభ్రం చేసుకుని తిరగబడ్డాడు. "అయితే ఏంటి సార్? కేకులు అలంకరించేది ఆవిడే. అసలు మందు తీసేసి, లెక్క తేడా రాకుండా తనే చక్కెర నింపింది."

"లెక్క కోసమే అయితే చక్కెర దేనికి? రోజుకొకటి మింగినట్టు నటించి పక్కన పెట్టుకుంటే చాలు. డబ్బాలో లెక్క దానంతటదే సరిపోతుంది. డబ్బాలో మిగిలినవాటి పొట్ట కోసి చక్కెర కూరే అవసరం ఎవరికి ఉంటుంది? రోజూ ఆ డబ్బా తెరిచి మింగే మనిషిని మోసం చెయ్యాల్సినవాడికి. తనని తాను మోసం చేసుకుని, వారంలో మూడుసార్లు తలనొప్పి తెచ్చుకుని, క్లినిక్‌లో ఇంజెక్షన్ పొడిపించుకునే దొంగని నీ సర్వీసులో చూశావా?"

కానిస్టేబుల్ గోడ వైపు తిరిగాడు. నవ్వు దాచుకోవడానికని అందరికీ తెలిసిపోయింది.

"రాత్రి ఇంట్లో ఉన్నది మాత్రం ఆవిడ ఒక్కతే," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గొంతు కొంచెం తగ్గించి.

"రాత్రి అని నీకు ఎవరు చెప్పారో అడిగాను, నువ్వు చెప్పావు. ఇప్పుడు ఓవెన్ ఏమంటుందో చూద్దాం పద."

ఓవెన్ గది నిన్నటి పొద్దుటి దగ్గరే ఆగిపోయి ఉంది. సగం బయటికి లాగిన ట్రేలో బ్రెడ్లు నల్లగా మాడి ఉన్నాయి. నేల మీద పిండి, పిండిలో మోకాళ్ళ ముద్ర, పక్కనే పెద్ద అరచెయ్యి ముద్ర. నిదానం వాటిని తొక్కకుండా గోడ వారగా నడిచాడు.

"ఈ ట్రే ఎత్తి చూడు," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఒంటి చేత్తో ఎత్తబోయి, రెండో చెయ్యి కూడా వేశాడు.

"ఇలాంటివి ఎన్ని లాగి బల్ల మీద పెట్టాడో చూశావా? ఆఖరిది లాగుతూ పడ్డాడు. రాత్రి భోజనంలో మందు పడిన మనిషి, రాత్రంతా అది గుండెని నొక్కుతూ ఉంటే, తెల్లారి ఈ పని చెయ్యగలడా డాక్టరుగారూ?"

"మంచం దిగి కూర్చోవడమే గొప్ప," అంది డాక్టరమ్మ. ఆవిడ కూడా గోడ వారగానే నడుస్తోంది. "నేను హాస్పిటల్లో అదే మొత్తుకున్నాను. ఈయన నాడి మెట్లు దిగినట్టు దిగలేదు, మేడ మీంచి పడ్డట్టు పడిందని. ఎవరూ వినలేదు."

కిటికీ పక్కన గ్యాస్ పొయ్యి, దాని పక్కన చేత్తో తిప్పే కాఫీ మర. బేకరీ మొదలుపెట్టిన రోజు నుంచీ ఉన్నట్టుంది, పిడి అరిగి నున్నగా మెరుస్తోంది.

"పెద్దాయన కాఫీ ఎలా తాగుతాడు?" అడిగాడు నిదానం.

"చక్కెర లేకుండా, తారులాగా. షుగర్ కూడా ఉంది ఆయనకి. కాఫీ తగ్గించమంటే వినడు," అంది డాక్టరమ్మ.

"తారులాంటి కాఫీ. ఎంత చేదు కలిపినా తెలియదు."

ఆయన కాగితం పరిచి, మర పళ్ళ సందుల్లో బ్రష్‌తో మెల్లగా దులిపాడు. గోధుమరంగు పొడి రాలింది. దాంట్లో తెల్లటి పలుకులు. పిడి కింద గాడిలో ఒక్కటంటే ఒక్క పూస నలగకుండా తప్పించుకుని ఇరుక్కుపోయి ఉంది. దాన్ని సూదితో తీసి, చిన్న గిన్నెలో నీళ్ళు పోసి వేశాడు. ముగ్గురూ ఆ గిన్నె మీదికి వంగారు.

పూస కరగలేదు.

"కాఫీ గింజలతో పాటు వీటినీ వేసి ఆడించారు," అంది డాక్టరమ్మ కోపంగా. "పూత పగిలిపోతే ఇంక మెల్లగా అనేదే ఉండదు. రోజంతటికీ పంచాల్సింది ఒక్క దెబ్బన రక్తంలోకి దూకుతుంది. అదీ ఒక్క క్యాప్సూల్‌ది కాదు, ఎన్నాళ్ళవో దాచినవి. గంట కూడా పట్టదు."

"అంటే ఆయనకి మందు ఎప్పుడు పడింది?"

"తెల్లవారాక. పడటానికి కాస్త ముందు."

"అప్పుడు కోడలు ఎక్కడుంది?"

"నా క్లినిక్‌లో, నా కళ్ళ ముందు, నా ఇంజెక్షన్ కింద!" డాక్టరమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఇప్పుడు నన్ను కూడా అరెస్టు చేస్తారా?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి, చెమట తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఓడిపోయినప్పుడు అతను చేసే పని అదేనని నిదానానికి పాతరోజుల నుంచీ తెలుసు. భుజం మీద చెయ్యి వేసి, "పైకి వెళ్దాం పద. ఇంకొకరితో నాలుగు మాటలు బాకీ ఉన్నాయి," అన్నాడు.

అల్లుడు హాల్లో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద రెండు గ్లాసులూ అలాగే ఉన్నాయి. వాటి వంక చూడకుండా ఉండటానికి అతను చాలా కష్టపడుతున్నట్టుంది.

"బాబూ, ఈ క్యాప్సూల్ మీ కంపెనీదేనా?"

"మాదే అంకుల్. మంచి మందు."

"నేను కొత్త డాక్టర్ని అనుకోండి. నా గదికి వచ్చారు. ఏం చెబుతారు?"

అల్లుడు నవ్వాడు. "రోజుకొక్కటి చాలు సార్, ఇరవై నాలుగు గంటలూ మెల్లగా విడుదలవుతుంది, గుండెకీ పనికొస్తుంది, మైగ్రేన్ రాకుండా కూడా వాడొచ్చు. అంతే."

"అంతేనా?" అంది డాక్టరమ్మ.

"అంతేనండీ."

"ఎన్నేళ్ళుగా వస్తున్నారు నా దగ్గరికి? బ్యాగు కింద పెట్టకముందే మీ నోట్లోంచి వచ్చే మొదటి ముక్క ఏంటి? 'నలపొద్దు, నమలొద్దు, నిండుగా మింగమనండి మేడమ్.' నా కాంపౌండర్ మీ వెనక ఆ ముక్కే పాటలా పాడి నవ్విస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి మర్చిపోలేదు మీరు. నిన్న పోలీసులకి చెప్పేటప్పుడు మర్చిపోయారు. ఇప్పుడూ మర్చిపోయారు."

ఇన్‌స్పెక్టర్ మెడ మెల్లగా అల్లుడి వైపు తిరిగింది. తనకు ఒలిచి పెట్టిన పండు సగమేనని అప్పుడు తెలిసింది అతనికి.

"పోలీసులకి అదంతా ఎందుకని చెప్పలేదు. నేను మధ్యాహ్నం బస్సుకి దిగాను. టికెట్ చూపించాను కదా," అన్నాడు అల్లుడు. చిరునవ్వు ఇంకా ఉంది, కాకపోతే నలిగింది.

"టికెట్ కొన్నారని టికెట్ చెబుతుంది. ఎక్కారని చెప్పదు. మామని చంపిన కోడలికి వీలునామా చెల్లదు, బేకరీ మీ ఆవిడకి వస్తుంది," అన్నాడు నిదానం.

"అనుమానాలతో ఏం చేస్తారు అంకుల్? ఆ పొద్దున కింద ఎవరున్నారో చూసినవాళ్ళు ఎవరూ లేరు."

"ఒకాయన ఉన్నాడు. కళ్ళు తెరవాలి, అంతే."

అల్లుడు జవాబు చెప్పేలోపే కింద హారన్ మోగింది.

జీపు వచ్చింది. మెట్ల మీద రెండు జతల అడుగులు వినిపించాయి. ముందు లేడీ కానిస్టేబుల్, వెనకే పెద్దాయన కూతురు. చెదిరిన జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు, భుజానికి సంచి. అయినా ఆ ముఖం వెలిగిపోతోంది.

"నాన్న లేచాడు! కళ్ళు తెరిచాడు! నన్ను గుర్తుపట్టి, 'బ్రెడ్ మాడిపోయిందా?' అని అడిగాడు! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేశాయి. ఈవిడని కౌగిలించుకున్నాను, టోపీ కింద పడిపోయింది!"

లేడీ కానిస్టేబుల్ టోపీ సవరించుకుంటూ, "డ్యూటీలో ఉన్నానని చెప్పినా వినలేదు సార్," అంది. తను కూడా నవ్వుతూనే ఉంది.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. పడకగది తలుపు తెరుచుకుంది. తడిగుడ్డ నుదుటి మీదే ఉండగా గోడ పట్టుకుని కోడలు వచ్చి నిలబడింది. "మావయ్య లేచారా?" అంది. ఆడపడుచు పరుగున వెళ్ళి ఆమెను చుట్టేసింది.

ఆ సంబరంలో నిదానం ఒక్కడే అల్లుడి ముఖం చూశాడు. అందులో రక్తం లేదు.

"ఉండు వదినా, కూర్చో. నేను కూడా కూర్చుంటా, కాళ్ళు తేలిపోతున్నాయి." ఆ అమ్మాయి కుర్చీలో కూలబడి సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. "నాన్నకి ఇంకా నోట్లో చుక్క కూడా పొయ్యొద్దన్నారు నర్సులు. నువ్వు పొద్దున్నే అంత కష్టపడి కాచి పంపించిన కాఫీ పారబొయ్యడం ఎందుకు? నేనే తాగేస్తా."

కప్పులోకి ఒంపింది. నల్లటి కాఫీ, పొగలు కక్కుతూ. పెదవుల దగ్గరికి తీసుకుంది.

నిదానం తన జీవితంలో మొదటిసారి తొందరపడ్డాడు. కానీ ఆయన చెయ్యి చేరేలోపే ఒక కేక వినబడింది.

"తాగొద్దు!"

అల్లుడు కుర్చీలోంచి లేచి భార్య చేతిని కొట్టాడు. కప్పు ఎగిరిపడి ముక్కలైంది. కాఫీ నేలంతా పాకింది.



"ఏమైందండీ?" అంది ఆ అమ్మాయి.

"చల్లారిపోయింది... అందుకని..."

"పొగలొస్తోంది కదా."

నిదానం ఫ్లాస్కు అందుకుని మూత బిగించాడు. "అమ్మా, ఇది ఎవరిచ్చారు నీకు?"

"ఈయనే. పొద్దున హాస్పిటల్‌కి తెచ్చి, వదిన కాచింది, నాన్న కళ్ళు తెరవగానే తాగించు అన్నారు."

"నేనా?" అంది కోడలు. "నేను మంచం దిగలేదు. పొయ్యి వైపే వెళ్ళలేదు."

అందరి కంటే ముందు మాట్లాడింది ఇన్‌స్పెక్టర్. ఆ గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. జేబులోంచి తాళంచెవి తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. "వెళ్ళలేదు. వంటగదికి నిన్న సాయంత్రమే నేను తాళం వేశాను. ఆవిడ గదికి కాపలా పెట్టింది కూడా నేనే. ఈ కాఫీ ఆవిడ కాచలేదని కోర్టులో నేనే చెబుతాను."

నిదానం అతని వంక చూసి మెల్లగా తల ఊపాడు. పాతరోజుల్లో మంచి పని చేసినప్పుడు ఊపినట్టే.

ఆ అమ్మాయి మాత్రం మొగుణ్ణే చూస్తోంది. చూస్తూ చూస్తూ లేచి నిలబడింది.

"నాన్న ఇంకో మాట కూడా అన్నాడండీ. మతి స్థిమితంగా లేక అంటున్నాడనుకున్నాను. మీరు ఊళ్ళో లేరు కదా అని." "'నిన్న పొద్దున మీ ఆయన కలిపిచ్చిన కాఫీ పరమ చేదుగా ఉందే, వాడికి మర తిప్పడం చేతకాదు, ఈసారి మీ వదిననే తిప్పమను' అన్నాడు."

లేడీ కానిస్టేబుల్ బేడీలు తీసి అయోమయంగా ఇటూ అటూ చూసింది. "సార్, ఎవరికి?"

ఇన్‌స్పెక్టర్ వేలు చూపించాల్సిన పని లేకపోయింది. పెద్దాయన కూతురు అప్పటికే వెళ్ళి వదిన పక్కన, ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది. గది అవతలి పక్కన, చిందిన కాఫీకి ఆవల, ఒక్కడే మిగిలి ఉన్నాడు.